పంపులో వానకోటు

సులుల్తా దారిలో కొండ సగం ఎక్కాక
ఆ పాత ఫోక్స్‌వ్యాగన్ ఇక నా వల్ల కాదంది.
దగ్గలేదు, పొగ కక్కలేదు,
పాలు తాగుతూనే నిద్రపోయిన బిడ్డలా
ఊరికే ఆగిపోయింది.

నేను సంచీతో మినీబస్సు దిగేసరికి
నీలగిరి కట్టెల మోపులతో దిగుతున్న ఆడవాళ్లు
మోపు దించకుండానే నిలబడి
"పెట్రోలుందా?" అని అడుగుతున్నారు.
అందరూ ముందు అడిగేది అదే.
ఉంది. ముందు మూత కింద ట్యాంకు నిండుగానే ఉంది.
ఇంజనేమో వెనకాల.
ఈ బండి పుట్టుకే అంత,
కడుపు ముందు, గుండె వెనక, మధ్యలో మనుషులు.
కడుపులోది గుండెకి చేరేసే పంపు
నా గుప్పిట్లో ఇమిడిపోతుంది.

మంత్రసాని యెషిమెబెత్ బండి అది.
మా పేటలో సగం మందిని
ఆమె చేతులే వెలుతుర్లోకి లాగాయి,
నన్ను కూడా, కాళ్ల వైపు నుంచి.
"నువ్వప్పుడూ ఇంతే, తిరగబడి పనిచేస్తావు" అంది
నేను ఇంజను కింద వెల్లకిలా పడుకుంటే.

పెట్రోలు గొట్టం ఊడదీసి
చెవి మీది పెన్సిలు దాని నోట్లో కుక్కాను.
రెండే నట్లు.
ఒకటి మంచి మాటకే వచ్చింది,
రెండోదానికి మా తాతల్ని గుర్తుచేయాల్సొచ్చింది.
కొత్త పంపు మెర్కాటోలో గంటసేపు బేరమాడి తెచ్చిందే,
బ్రెజిల్‌లో పుట్టిందట, అట్టపెట్టె మీద రాసుంది.
బిగించేసి వెళ్లిపోవచ్చు.
కానీ చచ్చినదాన్ని విప్పి చూడకపోతే
నాకు రాత్రి నిద్రపట్టదు.

ఆరు మరలు తీశాను.
లోపల ఉండాల్సిన నల్లటి పొర లేదు.
దాని చోట గుండ్రంగా, ఓపిగ్గా,
బహుశా గడ్డం గీసే బ్లేడుతో కోసిన
ఆకుపచ్చ గుడ్డ.
ఒకవైపు రబ్బరు, ఒకవైపు నేత.
అంచున సగం బొత్తాం కాజా.
నడిమధ్యన వెంట్రుకంత చీలిక.

"ఎవరో దొడ్డ పనివాడమ్మా!
కొత్త పంపని డబ్బు తీసుకుని
వానకోటు ముక్కతో నడిపించేశాడు" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు.
ఆ ముక్కని అరచేతిలో పరిచి
బొటనవేలితో మడ్డి తుడిచింది,
అప్పుడే పుట్టిన ముఖం తుడిచినట్టు.
కింద ఆకుపచ్చ ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

"మా ఆయన" అంది.
కాసేపాగి, "అస్రాత్ ఆ ఏడు పంపు మార్పించానన్నాడు.
ఆ ఏడే నా వానకోటు పోయింది."

పోయింది అంటే ఎవరో తీశారని.
ఎవరో అంటే ఇంట్లో పనిపిల్ల అని.
జెనెబెచ్ దాని పేరు,
మా భాషలో ఆ పేరులోనే వాన ఉంది.
మరియమ్మ మీద ఒట్టేసిందట పిల్ల,
ఈమె వినలేదట.
జోరు వర్షాల కాలంలో,
తడిసిన మూటతో, ఫిచె బస్సు ఎక్కించేసిందట.
అస్రాత్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడట
నోరు మెదపకుండా.
నీలాపనింద ఒకరి నెత్తిన పడుతుంటే
పంపు డబ్బులు జేబులో పెట్టుకుని
నిలబడ్డ మనిషిని
ఇప్పుడు ఏ సమాధి దగ్గరికెళ్లి తిట్టాలి?
అది ఆమె అనలేదు. నేననుకున్నాను.

కొత్తది బిగించాను.
పెన్సిలు లాగి గొట్టం తొడిగాను.
తాళం తిప్పమన్నాను.
ఊరికే తిరిగింది, తిరిగింది,
ట్యాంకు నుంచి ఆ పొడుగంతా ప్రాకి రావాలి కదా పెట్రోలు.
ఒక దగ్గు.
ఇంకో దగ్గు.
తర్వాత కొండంతా వినబడేలా అందుకుంది.

"ఫిచె దాకా వెళ్తుందా?"
ఆమె వెళ్లాల్సింది సులుల్తాలో బారసాలకి.
"ఇరవయ్యేళ్లు వెళ్తుందమ్మా."
"అంత వద్దు. చీకటి పడేలోపు చాలు."

ఆకుపచ్చ ముక్కని రుమాల్లో చుట్టి
పక్క సీటులో పెట్టింది, మనిషిని కూర్చోబెట్టినట్టు.
నా కూలి ఇవ్వడం మర్చిపోయింది.
నేనూ గుర్తుచేయలేదు.

ఆ పెన్సిలుతోనే ఇప్పటికీ లెక్కలు రాస్తాను.
ఇంకా పెట్రోలు వాసనే.